కొల్లేరు దాకా వచ్చిన మందుల బీరువా తాళం

నాలుగు నెలలుగా రాజ్యం గారూ నేనూ కొల్లేరు, కొల్లేరు అని కలవరిస్తున్నాం. ఏలూరులో మేం పనిచేసే చిన్న ఆసుపత్రిలో ఇద్దరు నర్సులకు ఒకేసారి సెలవంటే మాటలా? అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు రారు, మా పేర్లు మళ్ళీ డ్యూటీ చార్టుకెక్కుతాయి. చివరికి మొన్న మంగళవారం కుదిరింది. నేను రాత్రి డ్యూటీ దిగి, ఇంటికైనా వెళ్ళకుండా, ఎనిమిదింబావుకి ఆవిడతో కలిసి కైకలూరు బస్సెక్కేశాను.

ప్రయాణం గంటన్నర. ఆడవాళ్ళం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టు ఉచితం. దారి పొడవునా చేపల చెరువులేనట, నేను మాత్రం హాయిగా నిద్రపోయాను. ముందు సీట్లో పెద్దాయన దారంతా దగ్గుతూనే ఉన్నాడట. "కఫం పరీక్ష చేయించుకోమని చెప్పేదాన్నండీ, సెలవని నోరు మూసుకున్నాను" అన్నారు రాజ్యం గారు నేను లేచాక. కైకలూరులో దిగి, వంద రూపాయల ఆటోలో ఆటపాక పక్షుల కేంద్రం చేరేసరికి పది.

పడవ టికెట్టుకి చిల్లర కోసం సంచిలో చెయ్యి పెట్టాను. ఎర్ర టేపు చుట్టిన తాళం చేతికి తగిలింది. అమ్మ బాబోయ్! భరించలేని నొప్పికిచ్చే మత్తు ఇంజక్షన్ల బీరువాది. ఆసుపత్రి మొత్తానికి అలాంటి బీరువా ఒక్కటే. డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సూ ఎక్కే నర్సూ మందులు లెక్కపెట్టి, ఇద్దరూ సంతకాలు చేసి, తాళం ఎక్కేవాళ్ళ చేతిలో పెట్టాలి. సంతకాలయ్యాయి, ఇంతలో యాక్సిడెంటు కేసొచ్చింది, తాళం నా దగ్గరే ఉండిపోయింది. ఫోను చూస్తే, పగటి డ్యూటీలో ఉన్న పద్మవి తొమ్మిది మిస్డ్ కాల్స్. వెంటనే తిరిగి చేశాను.

"రెండో తాళం సూపరింటెండెంటు గారితో తాడేపల్లిగూడెం పెళ్ళికెళ్ళిందే! సత్యనారాయణ గారికి పదిన్నరకి ఇంజక్షనివ్వాలి. ఇప్పటికే పళ్ళు బిగబట్టుకుని ఉన్నారు" అంది పద్మ. ఆయన పెంటపాడు రైతు. క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఆ నొప్పి ఎలాంటిదో నాకు తెలుసు.

వచ్చిన ఆటోనే ఆపాం. "ఏలూరు దాకానా అండీ? ఎనిమిది వందలు ఇప్పించండి" అన్నాడు డ్రైవరు. బేరమాడే స్థితిలో లేను. దారిలో బాతుల మంద రోడ్డు దాటుతుంటే ఆటో ఆగిపోయింది. హారన్ కొట్టమని అరిచాను.

"కొడితే చెదిరిపోయి ఇంకా ఆలస్యమవుద్దండీ. ఒక్క రెండు నిమిషాలోర్చుకోండమ్మా."

"సెలవు రావడానికి నాలుగు నెలలు, పోవడానికి నాలుగు నిమిషాలు" అన్నారు రాజ్యం గారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడా నవ్వలేదు, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

పదకొండున్నరకి వార్డులో ఉన్నాను. డాక్టరు గారు ఇచ్చిన వేరే మందు పనిచేయలేదట. సత్యనారాయణ గారి దిండు చెమటతో తడిసిపోయింది. ఇంజక్షను చేశాక, కాసేపటికి కళ్ళు తెరిచారు.

"సెలవు పెట్టుకున్నారంట కదమ్మా. నా మూలాన పాడైపోయింది."

"తప్పు నాదేనండీ. తాళం నేనే పట్టుకుపోయాను."

"పన్లో పడితే అన్నీ గుర్తుంటాయేంటమ్మా" అని కళ్ళు మూసుకున్నారు.

తిట్టినా బాగుండేది. డ్యూటీ చార్టుని, సూపరింటెండెంటుని, ఆ బాతుల్ని కూడా దారంతా తిట్టుకుంటూనే వచ్చాను. ఆ గంట నొప్పి పడ్డ మనిషి మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. కొల్లేరు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కకండి. ఇంటికెళ్ళి, సంచి మంచం మీద బోర్లించి, అందులో ఉన్నవన్నీ మీవేనా అని చూసుకుని బయల్దేరండి.