మూడు, ఆ తర్వాత రెండు

దయ్యాలను నమ్మే తీరిక నాకెప్పుడూ లేదు. నా ఉద్యోగమే అలాంటిది. కంపెనీల కంప్యూటర్లలోకి దొంగలు ఎలా దూరగలరో వాళ్ళకంటే ముందే కనిపెట్టి చెప్పడం నా పని. ఫైళ్ళు మాయమైపోయాయనీ, తెర మీద బాణం గుర్తు తనంతట తానే కదిలిందనీ ఎవరో ఒకరు వణికిపోతూ ఫోన్ చేస్తూనే ఉంటారు. వెతికితే ప్రతి దయ్యానికీ ఒక పేరూ ఊరూ దొరుకుతాయి. ఎక్కువసార్లు దాని వెనక ఎవరిదో ఒళ్ళు మరిచిన నిర్లక్ష్యం ఉంటుంది. ఇన్నేళ్ళలో నేను వెతికి పట్టుకోలేకపోయింది ఒక్కటే.

మాది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్, అందులో చాంపియన్ రీఫ్స్. గనుల్లో పనికని చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇప్పుడు గనులు మూతపడ్డాయి. పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోవడం, సాయంత్రం రైలుకు తిరిగి రావడం, ఇదే మా ఊళ్ళో చాలామందికి బతుకు. నాకూ అంతే.

మా తాత గనిలో వైండింగ్ ఇంజన్ నడిపేవాడు. మనుషులను గని లోపలికి దించి మళ్ళీ పైకి తెచ్చే ఇనప బోను ఒకటి ఉంటుంది. దాని తాడు చుట్టే ఇంజన్ అది. నడిపేవాడికి కింద ఏం జరుగుతోందో కనపడదు. గంట మోతే ఆధారం. మూడు కొడితే మనుషులు ఎక్కారని. ఆ వెంటనే రెండు కొడితే కిందికి దించమని, ఒకటి కొడితే పైకి లాగమని. మా ఇంట్లో పిల్లలకు ఎక్కాలకంటే ముందు ఇది వచ్చేది.

తాతకు ఒక పట్టింపు ఉండేది. తన చేతి మీదుగా దిగిన మనుషులు పైకి వచ్చినట్టు గంట వినేదాకా కుర్చీ వదిలేవాడు కాదు. షిఫ్టు అయిపోయి ఇంకో డ్రైవర్ వచ్చి పక్కన నిలబడినా సరే. అది గని నియమమో, ఆయన మొండితనమో నాకు తెలియదు. అన్నం చల్లారిపోయినా అవ్వ మాత్రం ఎందుకు ఆలస్యమని ఏనాడూ అడగలేదు.

ఈ గంటల అలవాటు తాత నుంచి మా భాస్కరన్నకు వచ్చింది. భాస్కరన్న మా పెద్దనాన్న కొడుకు. నాకు ఈ కంప్యూటర్ విద్య నేర్పింది ఆయనే. బెంగళూరు నుంచి వచ్చి తన ఇంటి తలుపు తట్టేటప్పుడు కూడా మూడు కొట్టి, ఆగి, ఒకటి కొట్టేవాడు. పైకి వచ్చేశానని దాని అర్థం. లలిత వదిన లోపలి నుంచే విసుక్కునేది. "గడియ వేయలేదప్పా, తోసుకోని రా" అనేది. ఆయన మాత్రం తట్టడం మానేవాడు కాదు.

మా వైపు హ్యాకర్ అంటే భాస్కరన్నే. కాలేజీలో చదివేటప్పుడు కాలేజీ కంప్యూటర్‌లోకి దూరి, ఏమీ ముట్టుకోకుండా బయటికొచ్చి, ఇదిగో మీ తలుపు ఇలా తెరుచుకుంటోందని ప్రిన్సిపాల్‌కే చెప్పాడు. మెచ్చుకుంటారనుకున్నాడు పాపం. ఒక ఏడాది సస్పెండ్ చేశారు. ఆ మచ్చే ఊళ్ళో బిరుదైంది. రైల్లో పేకాడేవాళ్ళు కూడా ఆట ఆపి "హ్యాకరన్నా" అని పిలిచి, లాక్ పడిపోయిన ఫోన్లు చేతిలో పెట్టేవాళ్ళు. కూతురు ఎవరితో మాట్లాడుతోందో చూసి చెప్పమని వచ్చిన తండ్రులను మాత్రం ఆయన తిట్టి పంపేవాడు.

తర్వాత మంచి దారిలోనే ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్ళకు నన్నూ అదే కంపెనీలో చేర్పించాడు.

అక్కడ ఒక పాత సర్వర్ ఉండేది. ఎప్పుడూ ఆపకుండా నడిచే పెద్ద కంప్యూటర్ అన్నమాట. ఒక క్లయింటు సమాచారమంతా అందులోనే. దానికి భాస్కరన్న చేసిన కాపలా ఏమిటంటే, బయటి నుంచి చూస్తే అసలు తలుపే కనపడదు. ఒక పద్ధతిలో తట్టితేనే తలుపు కనపడుతుంది. ఆ తర్వాత తాళంచెవి లాంటి రహస్య ఫైలు చూపిస్తే తెరుచుకుంటుంది. ఈ తట్టే పద్ధతి మా వృత్తిలో కొత్తేమీ కాదు. ఆయన ఎంచుకున్న వరస మాత్రం తాతది. లోపలికి దిగేటప్పుడు మూడు, ఆగి రెండు. బయటికి వచ్చేటప్పుడు మూడు, ఆగి ఒకటి. ప్రతి తట్టుకూ ఆ యంత్రంలోని చిన్న స్పీకర్ బీప్‌మనేలా కూడా పెట్టాడు. ఆఫీసులో అందరూ నవ్వేవాళ్ళు. లోపల మనిషి ఉన్నాడని బయటివాళ్ళకు తెలియాలి కదా అనేవాడు. ఆ వరస ఆయనకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఒక వానాకాలం సాయంత్రం బంగారపేట రోడ్డులో భాస్కరన్న బండికి ప్రమాదం జరిగింది. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

ఆయన పోయాక, ఎవరికీ అర్థం కాని ఈ తట్టుడు వ్యవహారం వద్దని పైవాళ్ళు చెప్పారు. ఆ ఏర్పాటంతా నేనే తీసేశాను. బీప్ చేయించే ప్రోగ్రామునూ చెరిపేశాను. ఒక్క అక్షరం మిగల్చలేదు. ఇది గుర్తుంచుకోండి.

కొన్ని నెలలకు క్లయింటు సమాచారం బయటికి పోతోందని తెలిసింది. ఎవరో లోపలికి వచ్చి పోతున్నారు. వాడుతున్నది భాస్కరన్న తాళంచెవిని. పోయేముందు ఆయనే దాన్ని ఎవరికో ఇచ్చి ఉంటాడని ఆఫీసు తేల్చేసింది. కాలేజీ నాటి సస్పెన్షన్ ఎవరు తవ్వి తీశారో తెలియదు గానీ, వారం తిరక్కుండా అందరి నోళ్ళలో నానింది.

ఇలాంటివి ఆఫీసులో ఆగవు. మా రైలు పెట్టెలో పది కంపెనీల వాళ్ళు ఉంటారు. ఒకరోజు కోరమండల్ స్టేషన్ దాటుతుండగా నా వెనక సీటులో ఎవరో అన్నారు, "పాత బుద్ధి యాడికి పోతాది? సచ్చే ముందర గూడా అమ్ముకోనే పోయినాడు." నేను వెనక్కి తిరిగి చూశాను. భాస్కరన్న చేత ఫోన్ బాగు చేయించుకున్న మనిషే. చెంప పగలగొట్టాలనిపించింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

లలిత వదిన రాబర్ట్‌సన్‌పేటలో ఒక బడిలో టీచర్. అక్కడా గుసగుసలు మొదలయ్యాయి. ఆమె నా దగ్గరికి వచ్చి ఏడవలేదు. ఒకటే అడిగింది. "ఆయప్ప వచ్చి జవాబు చెప్పుకోలేడు కదమ్మా. నువ్వు చెప్పగలవా?" చెబుతానన్నాను. ఎలా చెప్పాలో మాత్రం నాకు తెలియదు. ఆయన చేయలేదని నమ్మడం వేరు, నిరూపించడం వేరు.

నిరూపించాలంటే దొంగ లోపల ఉండగానే వాడి జాడ పట్టాలి. యంత్రాన్ని ఆపేస్తే, నడుస్తున్నప్పుడు దాని జ్ఞాపకంలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ఆ తాళంచెవిని రద్దు చేయకుండా నేనూ, నా పక్క సీటు మంజునాథూ కాచుకుని కూర్చున్నాం. దొంగ తెలివైనవాడు. వచ్చిన ప్రతిసారీ ఎక్కడెక్కడో తిరిగి, నాలుగు దేశాల మీదుగా వచ్చేవాడు. చివరికి క్లయింటుకు ఓపిక నశించింది. ఇంకోసారి వస్తే వైరు పీకేయాల్సిందేనని మా మేనేజర్ ఫిలిప్ చెప్పేశాడు. ఆయన తప్పు లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని.

వాడు మళ్ళీ వచ్చింది ఒక మధ్యాహ్నం. భోజనాలు అప్పుడే అయ్యాయి. బయట ఎండ మండిపోతోంది. లైట్లు వెలుగుతున్నాయి, ఏసీ తిరుగుతోంది. భయపడటానికి తగిన వాతావరణం ఏమీ లేదు.

మంజునాథ్ తెర చూస్తున్నాడు. ఫిలిప్ క్లయింటుతో ఫోన్లో ఉన్నాడు. నన్ను చూసి చేత్తోనే సైగ చేశాడు, పీకెయ్ అని. నేను సర్వర్ దగ్గరికి నడిచి, వెనక వైపు వంగి కరెంటు వైరు పట్టుకున్నాను. భాస్కరన్న పేరుకు అంటిన మచ్చ ఇక ఎప్పటికీ పోదని నాకు తెలుసు. వదినకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు యంత్రం బీప్‌మంది. మూడుసార్లు. ఆగింది. మళ్ళీ రెండుసార్లు.

నా చెయ్యి వైరును వదిలేసింది. నేను ఆలోచించి చేసింది కాదది. ఆ మోత విన్నాక కరెంటు తీయడం మా ఇంట్లో పుట్టినవాళ్ళ వల్ల కాదు. బోను దిగుతుండగా ఇంజన్ ఆపినట్టు ఉంటుంది. నా వృత్తిలో మాత్రం అది క్షమించరాని తప్పు. దొంగ ఇంట్లో ఉన్నాడని తెలిసీ తలుపు వేయకుండా నిలబడిపోయాను.

"ఉండండప్పా, మనిషి లోపలుండాడు" అన్నానట, మా ఊరి మాటలోనే. నాకు గుర్తులేదు. మంజునాథ్ ముళబాగిలు వైపువాడు, తెలుగు వస్తుంది. అతనే తర్వాత చెప్పాడు.

ఫిలిప్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నన్ను నోరు తెరిచి చూశాడు. నన్ను పక్కకు తోసి ఆయనే వైరు పీకడానికి రాబోతుండగా మంజునాథ్ అరిచాడు. దొంగ పొరపాటు చేశాడు. ఇన్నాళ్ళూ చుట్టుదారిలో మా దగ్గరికి వచ్చినవాడు, ఆరోజు ఒక పెద్ద ఫైలు తొందరగా లాక్కుపోవాలని మా యంత్రం నుంచి నేరుగా తన ఇంటి కంప్యూటర్‌కు దారి తెరిచాడు. వాడి అసలు చిరునామా తెర మీద నిలబడింది. మంజునాథ్ దాన్ని భద్రం చేశాక బయటి లైను మాత్రం తెంపేశాం. సర్వర్‌ను ఆపలేదు.

వాడు అంతకుముందు మా ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసి వెళ్ళినవాడు. భాస్కరన్న పక్కనే కూర్చునేవాడు. ఆయన టీ తాగడానికి లేచినప్పుడు తాళంచెవి ఫైలును కాపీ చేసుకున్నాడు. పోలీసుల ముందు అంతా ఒప్పుకున్నాడు. భాస్కర్ బతికున్నంత కాలం ఎంత వెతికినా తలుపే కనపడలేదనీ, ఈ మధ్యే కనపడిందనీ చెప్పాడు. అంటే తట్టే వరస వాడికి తెలియదు. తెలిసి ఉంటే అప్పుడే దూరేవాడు.

భాస్కరన్నకు ఈ దొంగతనంతో సంబంధం లేదని కంపెనీ అందరికీ తెలియజేసింది. రైల్లో ఆ వెనక సీటు మనిషి ఇప్పుడు, ఆయన అట్లాంటోడు కాదని నేను మొదటి నుంచీ అనుకుంటానే ఉన్నానని చెబుతున్నాడు.

ఇక ఆ మోత సంగతి. నేనూ మంజునాథూ ఆ సాయంత్రమే మొదలుపెట్టి యంత్రమంతా గాలించాం. బీప్ చేయించే ప్రోగ్రాము లేదు. తలుపు తట్టిన ఆనవాలు లేదు. ఆ సమయంలో దొంగ తప్ప ఇంకెవరూ లోపలికి రాలేదు. భాస్కరన్న పాత ల్యాప్‌టాప్ వదిన బీరువాలో చీరల కింద ఉంది, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. గదిలో ఉన్న ముగ్గురమూ మోత విన్నాం. ఫిలిప్ ఫోన్లో అవతల ఉన్న క్లయింటు కూడా ఏమిటా చప్పుడని అడిగాడట.

అది కరెంటు బ్యాకప్ యూపీఎస్ చేసిన చప్పుడని మంజునాథ్ అంటాడు. కావచ్చు. నేను ఇంకొకరి దగ్గర ఈ కథ విని ఉంటే మొదట అదే అనేదాన్ని. కానీ కరెంటు పోలేదు. యూపీఎస్‌ను ఆ తర్వాత ఎన్నిసార్లు పరీక్షించినా ఒకే ఎడంతో కూస్తూ పోతుంది తప్ప, మూడు కూసి, ఆగి, రెండు కూయదు.

ఆదివారం వదిన ఇంటికి వెళ్ళాను. సంగతంతా చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. భాస్కరన్న పోయిన రోజు కూడా అలా ఏడవడం నేను చూడలేదు. మోత గురించి చెప్పకూడదనే అనుకున్నాను. టీ తాగుతూ తాగుతూ చెప్పేశాను.

"యెట్ల కొట్టినాడు?" అని అడిగింది. ఎలా వినబడిందని కాదు, ఎలా కొట్టాడని.

బల్ల మీద వేలితో కొట్టి చూపించాను. మూడు. రెండు.

వదిన నా వేలి వైపే చూస్తూ ఉంది. ఇంకా ఏదో ఉందనుకుంది.

"ఇంగ?"

"అంతే వదినా."

"మూడూ ఒకటీ కొట్టలేదా? పైకి రాలేదా మరి?"

బల్ల మీది వేలిని వెనక్కి తీసుకున్నాను.

ఆ సర్వర్ పని అయిపోయింది. సమాచారమంతా కొత్తదానిలోకి మార్చేశాం. పాతదాన్ని తీసేయడానికి ఫిలిప్ రెండుసార్లు రోజు నిర్ణయించాడు, నేను రెండుసార్లూ ఏదో వంక చెప్పాను. మూడోసారి ఆయన అడగలేదు. అది ఇంకా ఆ మూలనే నడుస్తోంది. ఏ పనీ చేయదు. నేను దయ్యాలను నమ్మను, ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను. కానీ దిగిన మోత నా చెవులతో విన్నాను. వచ్చిన మోత వినలేదు.

సాయంత్రం రైలు దిగి వెళ్తుంటే వదిన గుమ్మంలో నిలబడి ఉంటుంది. నా ముఖంలోకి చూస్తుంది. నేను ఇంకా లేదన్నట్టు తల అడ్డంగా ఊపుతాను. ఆమె తలుపు దగ్గరగా వేసుకుంటుంది, గడియ మాత్రం పెట్టదు.