ఫ్యూజు చోట రాగి పోగు

ఎవరింటికి వెళ్లినా ఆయన ముందు పలకరించేది మనుషుల్ని కాదు, గోడల్ని. కూర్చోమని కుర్చీ చూపిస్తున్నా వినిపించుకోకుండా స్విచ్ బోర్డు దగ్గరికి నడుస్తాడు. మెడ వంచి చూసి, వేలి గోరుతో తట్టి, "దీనికి ఎర్తింగు ఉందా?" అని అడుగుతాడు. పరామర్శకి వెళ్లినా అంతే. అందుకే అందరూ ఆయన్ని ఎర్తింగు మేస్త్రి అనేవారు. ఎదురుగా ఉంటే మేస్త్రిగారు, పక్కకి తిరిగితే ఉత్త ఎర్తింగు.

ఆయన ఐసు ఫ్యాక్టరీలో వైర్‌మ్యాన్. నేల ఎప్పుడూ తడిగా ఉండే చోటు అది. ఎంత తుడిచినా ఐసు దిమ్మల కింద నుంచి నీళ్లు పాకుతూనే ఉంటాయి. అలాంటి చోట ఏళ్ల తరబడి ఒక్కరికి కూడా షాక్ కొట్టలేదంటే అది ఆయన నోటి చలవే. తడి చేత్తో ఎవరైనా స్విచ్ దగ్గరికి వెళ్లారా, ఎక్కణ్ణుంచి ఊడిపడేవాడో గాని, "రేపు గోడ మీద ఫొటో అయిపోదామనా?" అని వెనకనుంచి గర్జించేవాడు. ఇంట్లోనూ అదే తంతు. ఇస్త్రీపెట్టె వైరు కాస్త నలిగితే చాలు, కొంప మునిగినంత హడావుడి చేసేవాడు.

"మీకు నేనెక్కువా, ఈ ఇస్త్రీపెట్టె ఎక్కువా?" అనేది భార్య.

"దానికైతే ఎర్తింగు ఉంది. నీకు కోపం వస్తే అది కూడా లేదు" అనేవాడు.

సెలవు రోజు వచ్చిందంటే మాత్రం ఆయన సముద్రం మీద ఉండేవాడు. ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే ప్లాస్టిక్ పడవ ఉండేది ఆయనకి. అమ్మేవాళ్లు దాన్ని కయాక్ అంటారు. రేవులో అందరూ తొట్టి అనే అంటారు. అందులో గాలం కర్రలు, ఎర డబ్బా, నీళ్ల సీసా, నీటి అడుగున చేపలు ఎక్కడున్నాయో చూపించే చిన్న స్క్రీను. ఆ స్క్రీనుకి కరెంటు కావాలి గనక సీటు వెనక, మూత కింద, ఒక బ్యాటరీ.

తోడు వెళ్లేది బావమరిది. బజారులో అతనికి టైలరింగు కొట్టు ఉంది. తెడ్డు పట్టడం దగ్గర్నుంచి ముడి వేయడం దాకా అన్నీ బావ దగ్గర నేర్చుకున్నవే. అక్కకి నీళ్లంటే చచ్చేంత భయం. తమ్ముణ్ణి మొదటిసారి పంపిన రోజు గుమ్మంలో నిలబడి ఒకటే మాట అంది. "మీరు ఉన్నారనే పంపిస్తున్నా. వేరే ఎవరైనా అయితే కాళ్లు విరగ్గొట్టి కూర్చోబెట్టేదాన్ని."

ఆ రేవులో తొట్టివాళ్లకి ఒక పద్ధతి ఉంది. ఎవరి తొట్టి వాళ్లు చూసుకోరు. నీది నేను, నాది నువ్వు. మూతలు, తాళ్లు, లైఫ్ జాకెట్ బకిల్సు, వైర్లు, అన్నీ జోడీవాడు తడిమి చూశాకే నీళ్లలోకి తోస్తారు. మన తప్పు మన కంటికి ఆనదని వాళ్ల లెక్క. మేస్త్రి బావమరిది తొట్టిని గింజ గింజా ఏరినట్టు చూసేవాడు. ఒకసారి బావమరిది కూడా ఆయన తొట్టి మూత మీద చెయ్యి వేశాడు. మేస్త్రి నవ్వాడు.

"నా వైరింగు నువ్వు చూస్తావురా? నేను వచ్చి నీ కాజాలు చూస్తే ఎలా ఉంటుంది?"

బావమరిది కూడా నవ్వేసి చెయ్యి తీసేశాడు. మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు. మేస్త్రి తొట్టికి పరీక్షేమిటి అని రేవులో మిగతావాళ్లూ అనుకున్నారు.

ఆ మూత కింద ఉన్నది మేస్త్రి ఒక్కడికే తెలుసు. స్క్రీనుకి వెళ్లే వైరు మధ్యలో ఫ్యూజు తరచూ పోతోంది. ఫ్యూజు పోతోందంటే వైరు ఎక్కడో ఏడుస్తోందని అర్థం. ఇదే మాట ఆయన ఫ్యాక్టరీలో పిల్లా పెద్దా అందరికీ నూరిపోశాడు. కాని ఒక సెలవు రోజు పొద్దున ఫ్యూజు మళ్లీ పోయింది. రేవులో దొరకదు, ఇంటికెళ్లి తేవాలంటే ఆటు సమయం దాటిపోతుంది. వైరు ముక్క చీల్చి ఒక రాగి పోగు తీసి, ఫ్యూజు చోట చుట్టేసి, పైన టేపు వేశాడు. ఈ ఒక్కరోజుకే అనుకున్నాడు. పన్నెండు వోల్టుల బ్యాటరీ, మనిషిని ఏం చేస్తుందిలే అనుకున్నాడు. ఆ ఒక్కరోజు తర్వాత చాలా సెలవులు వచ్చాయి. టేపు అలాగే ఉంది.

ఆ రోజు సముద్రం తుడిచిన గచ్చులా ఉంది. గాలి లేదు, అల లేదు, చేప లేదు. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు తొట్టెల్ని వదిలేసి కూర్చున్నారు. ఎర వేయడం, తీయడం, వేసినది వేసినట్టే తిరిగి రావడం.

"బావా, నీ టీవీలో ఏం వస్తోంది?" అన్నాడు బావమరిది.

"వార్తలు."

"ఏమంటున్నారు?"

"చేపలు లేవంటున్నారు."

"ఎరకి కూడా ఎర్తింగు చేశావేమో, ఒక్కటీ అంటుకోవట్లేదు."

మేస్త్రి నవ్వి వెనక్కి వాలాడు. చేపలు పడే రోజున మనిషి నిటారుగా కూర్చుంటాడు. పడని రోజునే నడుం వాలుస్తాడు, ఇటు ఒరుగుతాడు, అటు ఒరుగుతాడు. అలా వాలినప్పుడల్లా సీటు ఇనుపకాలు కింద వైర్ల మీద ఒత్తుకుంటూ, పైతోలు ఇంచుక ఇంచుక ఒరుసుకుపోతోంది. ఫ్యూజు ఇన్నాళ్లూ మొత్తుకున్నది దాని గురించే. ఆయన టోపీ మొహం మీదికి లాక్కుని ఇంకాస్త వాలాడు.

స్క్రీను ఆరిపోయింది. తట్టి చూశాడు. రాలేదు. అప్పుడు వాసన వచ్చింది. కాలుతున్న వైరు వాసన. జీవితమంతా ఆయన ఆ వాసన ఎక్కడా రాకూడదని కాపలా కాసినవాడు. వెనక మూత సందులోంచి నల్లటి పొగ సన్నగా లేచింది.

తొట్టిలో వెనక్కి తిరగడం కుదరదు. ఒక్క పక్కకి బరువు పడితే మనిషి నీళ్లలో ఉంటాడు. చెయ్యి వెనక్కి చాపినా మూత అందలేదు.

"బావా, పొగ! కదలకు, నేనొస్తున్నా!" బావమరిది రెండు తెడ్లేసి పక్కకి వచ్చాడు. మూత లాగి అవతల పడేశాడు.

"ముట్టుకోకురా! ఏదైనా గుడ్డ చుట్టుకో!" అని అరిచాడు మేస్త్రి.

గుడ్డ వెతికేంత తీరిక ఎక్కడిది? బావమరిది కుడిచెయ్యి లోపల పెట్టి, మండుతున్న వైరుని పిడికిట్లో పట్టి, బ్యాటరీ నుంచి ఒక్క గుంజు గుంజాడు. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. పొగ ఆగింది. ఊడొచ్చిన వైరు అతని చేతిలోనే ఉంది. టేపు కరిగిపోయి రాగి పోగు బయటపడింది. బావమరిది దాని వంక చూశాడు. తల తిప్పి బావ వంక చూశాడు. తర్వాత పిడికిలి విప్పేశాడు. వైరు నీళ్లలో మునిగిపోయింది.

నొప్పికి జారవిడిచాడని మేస్త్రి తనకి తాను చెప్పుకున్నాడు. తాడు కట్టి, అతని తొట్టిని కూడా లాక్కుంటూ ఒడ్డుకి తెచ్చేదాకా అదే చెప్పుకున్నాడు.

ఒడ్డున జనం మూగారు. "ఏమైందయ్యా?" అంది టీ కొట్టు ఆవిడ.

"నాసిరకం బ్యాటరీ. ఎవడో అంటగట్టాడు బావకి" అన్నాడు బావమరిది, చెయ్యి నీళ్ల బకెట్లో ముంచి, పళ్లు బిగబట్టి.

అప్పుడు అర్థమైంది మేస్త్రికి, అది జారలేదని. తల వంచుకుని తాడు ముడి విప్పసాగాడు. జనం ఆయన భుజం తట్టి, ఈ రోజుల్లో అన్నీ నకిలీవే అని సానుభూతి చూపించి వెళ్లిపోయారు.

భార్య క్లినిక్‌లో కట్లు కట్టే పని చేస్తుంది. రోజూ సాయంత్రం తమ్ముణ్ణి ఇంటికి రమ్మని, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తనే గాయం కడిగి కట్టు మార్చేది. పళ్లెం పట్టుకునే పని మేస్త్రిది. అరచేతికి అడ్డంగా గీత గీసినట్టు కాలింది. కత్తెర పిడి ఆనే చోట, బొటనవేలి మొదట్లో, తోలు లేచిపోయింది. కొట్లో బట్టలు పేరుకుపోతున్నాయని, గిరాకీలు వేరే కొట్టుకి పోతున్నారని బావమరిది నవ్వుతూనే చెప్పేవాడు. బ్యాటరీ మాట వస్తే పైకప్పు వంక చూసేవాడు.

"మీరు పక్కన ఉండబట్టి సరిపోయింది. లేకపోతే వీడేమైపోయేవాడో" అనేది భార్య. ఆ మాట వినలేక మేస్త్రి పళ్లెం కడిగే నెపంతో వంటింట్లోకి పోయేవాడు. అక్కడ కొళాయి తిప్పి ఊరికే నిలబడేవాడు.

ఫ్యాక్టరీలో ఒకడు తడి చేత్తోనే మోటారు స్విచ్ వేస్తూ కనిపించాడు. అరవడానికి నోరు లేచింది, మళ్లీ పడుకుంది. మెల్లిగా వెళ్లి ఒక పొడిగుడ్డ చేతికిచ్చాడు. వాడు బిక్కచచ్చిపోయాడు.

"మేస్త్రీ, ఒంట్లో బాలేదా? తిట్టలేదేంటి?"

ఆ మాటకి తల కొట్టేసినట్టయింది ఆయనకి. తిట్టే హక్కు ఎక్కడ మునిగిందో ఆయనకి తెలుసు. కాని ఆయన తిట్టకపోతే రేపు ఇక్కడ నిజంగానే ఒకడు పోతాడు. ఆ సాయంత్రం కట్టు కట్టించుకుని బావమరిది మెట్లు దిగి వెళ్లాక, పళ్లెం కింద పెట్టి, భార్య మొహం వంక చూడకుండా చెప్పేశాడు. బ్యాటరీ మంచిదే. ఫ్యూజు నేను తీసేశాను. రాగి పోగు చుట్టాను. కాలుతుందని తెలిసీ చుట్టాను.

ఆమె దూది చుట్ట చుడుతూ ఉంది. ఆపలేదు.

"వాడికి తెలుసా?"

"తెలుసు."

"అంటే ఇన్నాళ్లూ ఈ ఇంట్లో వెర్రిదాన్ని నేనొక్కదాన్నే."

అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బావుణ్ణనుకున్నాడు. ఆమె కత్తెర డబ్బాలో పెట్టి మూత వేసింది. "వాడికి చెయ్యి బాగయ్యేదాకా, డ్యూటీ దిగగానే వాడి కొట్లో కూర్చోండి."

"నాకు కుట్టడం రాదుగా."

"గుండీలు కుట్టండి. పట్టీలు విప్పండి. వాడు చెప్తాడు, మీరు వినండి. అదన్నా చేతనవుతుందేమో చూద్దాం."

మర్నాడు మేస్త్రి టైలరింగు కొట్లో చిన్న స్టూలు మీద కూర్చుని, కళ్లు చికిలించి సూదిలో దారం ఎక్కించాడు. బావమరిది కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని పక్కనే ఉన్నాడు.

"దారం అంత వదులుగా వద్దు బావా. గుండీయేగా, కొరకదు. గట్టిగా లాగు."

సంచి చంకలో పెట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు. "ఏమయ్యా, చేతికి ఆ కట్టేంటి?"

"ఏముందండీ, నాసిరకం బ్యాటరీ..."

"కాదండీ" అన్నాడు మేస్త్రి. సూది వేలికి గుచ్చుకుంది. "నా వల్లే. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి పోగు చుట్టాను. నేను వైర్‌మ్యాన్‌ని. తెలిసే చేశాను. నా మంట ఇతను పట్టుకున్నాడు."

పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అలాగా" అన్నాడు. "మరి నా ప్యాంటు ఎప్పటికవుతుంది?" అన్నాడు.

"రెండ్రోజులాగండి. పొట్ట దగ్గర కొంచెం వదులు చేయమన్నారుగా" అన్నాడు బావమరిది.

ఆయన వెళ్లాక బావమరిది గుండీల డబ్బా ముందుకి జరిపాడు.

"అక్కకి చెప్పావా?"

"చెప్పాను."

"నన్నేమంది?"

"నీ పని తర్వాత చూస్తానంది."

బావమరిది పెద్దగా నిట్టూర్చాడు. "నీ పరువు కాపాడదామనుకున్నా బావా."

"నాకు తెలుసురా" అన్నాడు మేస్త్రి. ఇంకో గుండీ అందుకున్నాడు.

ఆ రోజు కొట్టుకి వచ్చినవాళ్లంతా ఆ కట్టు చూసి ఆగారు. అందరిదీ అదే ప్రశ్న. అందరికీ ఆయనే జవాబు చెప్పాడు. తెలిసినవాళ్లకి చెప్పాడు, ముక్కూమొహం ఎరగనివాళ్లకి చెప్పాడు, తన చేత ఇంట్లో వైరింగు చేయించుకున్న ఒకావిడకి చెప్పాడు. ఆవిడ తెచ్చిన చొక్కా అక్కడ పెట్టకుండానే వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. ఒకటి రెండు సార్లు చెబితే నోరు అలవాటు పడుతుందనుకున్నాడు. చీకటి పడి షట్టరు దించేటప్పుడు కూడా ఆ మాట మొదటిసారి ఎంత బరువుగా ఉందో అంతే ఉంది.