జిన్నింగ్ కత్తికి కొత్త ఉక్కు

2021లో నేను తమిళనాడులోని రాజపాళయంలో జిన్నింగ్ మెషీన్లకు విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో మెటలర్జిస్టుగా ఉన్నాను. అంటే లోహాలను పరీక్షించే ఇంజనీరుని. ల్యాబ్‌లో ఉండేది ఇద్దరమే, నేనూ ముత్తుకుమారూ.

ఆ ఏడు సేత్తూరు దారిలోని జిన్నింగ్ ఫ్యాక్టరీ నుంచి విరిగిన మూవింగ్ నైఫ్ ఒకటి మా దగ్గరికి వచ్చింది. మెషీన్‌లో ఆడుతూ పత్తిలోంచి గింజను కొట్టి వేరుచేసే కత్తి, ఒక ఉక్కు పట్టీ అది. మా కంపెనీది కాదు, ఫ్యాక్టరీవాళ్ళు బయటెక్కడో చేయించినది. దాని ముక్క ఎగిరి, మెషీన్ ముందు నిలబడి పనిచేసే సుబ్బలక్ష్మి ఎడమ కంట్లో గుచ్చుకుంది. ఆస్పత్రికి వెళ్ళి చూశాను. కంటికి కట్టుతో గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"విరిగింది ఎక్కడుండాది?" అని అడిగింది.

"మా ల్యాబ్‌లో ఉండాదక్కా."

"పారేసేయొద్దు. ఎందుకు విరిగిందో చూడు పాపా."

ఆ కంటికి చూపు తిరిగి రాలేదు. ల్యాబ్‌లో చూస్తే, ఆ కత్తి ఉక్కు మరీ గట్టిపడి, పెళుసెక్కి విరిగిందని తేలింది. ఫ్యాక్టరీ యజమాని వచ్చి, "విరగని కత్తి కావాలమ్మా. అయితే, దినామూ సాన పట్టేదిగా ఉండకూడదు" అన్నారు.

చిక్కంతా అక్కడే. ఉక్కును గట్టిగా చేస్తే అరగదు కానీ పెళుసెక్కి విరుగుతుంది. మెత్తగా చేస్తే విరగదు, తొందరగా అరుగుతుంది. రెండూ కుదరాలంటే గ్రెయిన్లను బాగా చిన్నవి చేయాలి. గ్రెయిన్లంటే ఉక్కులో ఒకదానికొకటి అతుక్కుని ఉండే సన్నని స్ఫటికాలు. వెంట్రుక మందంలో వంద పట్టేంత సన్నగా ఉంటే ఉక్కుకు బలమూ పెరుగుతుంది, దెబ్బకు ఓర్చుకునే గుణమూ నిలుస్తుంది. ఇందుకోసం ఉక్కును మామూలుకన్నా తక్కువ వేడిలో మళ్ళీ మళ్ళీ రోలర్ల మధ్య నొక్కాలి. దీన్ని వార్మ్ రోలింగ్ అంటారు. వేడి కాస్త ఎక్కువైతే గ్రెయిన్లు పెరిగిపోతాయి, తక్కువైతే పట్టీ అంచులు పగులుతాయి.

మా మేనేజరు, "ఆర్డర్లు ముగిసినాక మిగిలిన టైములో చేసుకోమ్మా" అన్నారు. కొన్ని నెలలకే ముత్తుకుమార్ కోయంబత్తూరులో మంచి ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. అతని కుర్చీలోకి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం ల్యాబ్‌లోనే ఒంటరిగా తినేదాన్ని. పట్టీలు పగులుతూనే ఉన్నాయి. ఎందుకు పగిలిందో ఊహించి చెప్పినా, కాదనడానికి కూడా పక్కన మనిషి లేడు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం మదురైలోని ఒక కాలేజీకి బస్సులో వెళ్ళేదాన్ని. ఒకరోజు తెరమీద గ్రెయిన్లు నేను కోరుకున్నంత సన్నగా, ఒకే తీరుగా కనబడ్డాయి. వెంటనే ఫోటో తీయించి ప్రింటు అడిగి తీసుకున్నాను. మైక్రోస్కోప్ నడిపే ఆయన, "ముగిసిందా మేడమ్? వెనక ఇంకొకరు ఉన్నారు" అన్నాడు. బస్టాండులో నిలబడి ముత్తుకుమార్‌కు ఫోన్ చేశాను. మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్ పెట్టాడు. తిరుగు బస్సులో ఆ ఫోటో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటులో ఉన్నామె కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది.

అయినా ఆ ఉక్కుతో చేసిన మొదటి కత్తి నిలవలేదు. ఫ్యాక్టరీలో దాన్ని వెల్డింగ్ చేసి బిగించారు. ఆ వేడికి అతుకు దగ్గర గ్రెయిన్లు పెరిగి, అక్కడ ఉక్కు మెత్తబడి కత్తి వంగింది. విరగనందుకు ఊపిరి పీల్చుకున్నాను. కానీ యజమాని మొహంలో నమ్మకం తగ్గింది. బతిమాలి ఇంకొక అవకాశం తీసుకున్నాను. ఈసారి వెల్డింగ్ లేకుండా, బోల్టులతో బిగించేలా పట్టీకి రంధ్రాలు వేయించాను. అది ఆ సీజనంతా నడిచింది. పగులూ లేదు, వంపూ లేదు.

అప్పుడొక పట్టీ ముక్క తీసుకుని సుబ్బలక్ష్మి దగ్గరికి వెళ్ళాను. ఆమె ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో, మెషీన్లకు దూరంగా షెడ్డులో కూర్చుని పత్తిలో చెత్త ఏరుతోంది. ముక్కను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాత దాని మాదిరే ఉండాదే?"

"తేడా కంటికి కనబడదక్కా" అన్నాను. ఎవరితో అంటున్నానో అప్పుడు తట్టింది.

ఆమె నవ్వింది. "రెండు కండ్లుండే నీకూ కనబడదా? అట్లయితే సరి." తర్వాత అడిగింది, "నీతో పాటు ఎవరుండిరి దీనికి?"

"మొదట ఒకాయన ఉండె. తర్వాత ఎవరూ లేరు."

"ఒంటిగానే చేసినావా? కూర్చో. ఎట్ల చేసినావో చెప్పు."

పత్తి కుప్ప పక్కన కూర్చుని పగిలిన పట్టీలూ, మదురై బస్సులూ, వంగిన కత్తీ అన్నీ చెప్పాను. ఆమె ఏరుతూనే విన్నది. మధ్యలో, "ఆ మెషీన్ దగ్గర ఇప్పుడు పాండియమ్మ నిలబడతా ఉండాది. దానికి పిల్లకాయలు చిన్నోళ్ళు" అంది.

సుబ్బలక్ష్మి మళ్ళీ ఆ మెషీన్ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళమని నేనూ అనలేదు. ఎంత మంచి ఉక్కయినా రాబోయే దెబ్బనే ఆపగలదు, తగిలినదాన్ని మాన్పలేదు. ఈ పనిలో అది తెలిసింది. అప్పటి నుంచి ఏ కొత్త భాగం మొదలుపెట్టినా, ముందు దాని ఎదుట నిలబడే మనిషిని వెళ్ళి కలిసి, కాసేపు మాట్లాడి వస్తాను.