పెద్దల అమావాస్యకు ఒక చీర తక్కువ

మా బీరువా పై అరలో ఒక చీర ఉంది. కవరులోంచి కూడా తీయలేదు. మహా అయితే అరకిలో ఉంటుందేమో. కానీ కొన్నేళ్లుగా నేను మోస్తున్న బరువంతా అదే. మోస్తున్నానని మా ఆవిడకు కూడా తెలియదు. మొదట మీకే చెప్తున్నాను. మీ మొహం నాకు కనపడదు, అదే నా ధైర్యం.

నంద్యాలలో మాదొక చిన్న సంఘం. వంశవృక్షాలు గీసుకునేవాళ్ల సంఘం. నెలకోసారి ఒక ప్రెస్సు మేడ మీద కూర్చుంటాం. నాలుగు పేజీల పత్రిక వేస్తాం. పాత భూమి రికార్డులు ఏ ఆఫీసులో అడగాలి, సమాధి రాళ్ల మీద అరిగిపోయిన అక్షరాలు ఎట్లా చదవాలి, నోరు విప్పని అవ్వలను ఏ ప్రశ్నతో కదిలించాలి, ఇవీ మా వార్తలు. చివరి పేజీలో 'సవరణలు' అని ఒక మూల ఉంటుంది. ఎవరి వరసైనా తప్పు పడితే అక్కడ దిద్దుతాం. ఊళ్లో మమ్మల్ని చచ్చినోళ్ల అడ్రసులు వెతికే బ్యాచ్ అంటారు. నిజమే. బతికున్నవాళ్లు ఎదురొస్తే ఏం చేయాలో మాకు తెలియదు. మాకు అంటున్నాను, చూశారా? నాకు.

పత్రికకు ఎడిటరు నేనే. వరస తప్పితే ఊరుకోలేని జబ్బు కూడా నాదే. పెళ్లిలో ఎవడైనా చిన్నాయనను పట్టుకొని మామా అంటే, విస్తరి ముందు నుంచి లేచి వెళ్లి మరీ చెప్పొస్తాను. వేళ్లు వెతికేవాడు అందరి సంగతుల్లోనూ వేలు పెడతాడని మా ఆవిడ అంటుంది. అట్లాంటివాణ్ణి ఒకే ఒక్కసారి నోరు మూసుకున్నాను.

మా సొంతూరు ఉయ్యాలవాడ పక్కన ఒక పల్లె. పెద్దల అమావాస్యకు మా ఇంట్లో, పోయినవాళ్లకు తలా ఒక కొత్త బట్ట గోడవారన పెట్టి, వడలు, పాయసం పెట్టి, సాంబ్రాణి వేసేవాళ్లు. తర్వాత ఆ బట్టలు మేమే కట్టుకునేవాళ్లం. చచ్చినవాళ్ల లెక్కకు ఎప్పుడూ ఒక చీర ఎక్కువ ఉండేది. అది మా అవ్వ, అంటే నాయన తల్లి, తన చేత్తో పెట్టేది. ఎవరికవ్వా అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

"మీ అత్తకు."

"అత్త సచ్చిపోయిందా?"

"అట్లే అనుకోమన్నారు" అంది అవ్వ.

మా నాయనకు ఒక అక్క ఉండేది. సుంకులమ్మ. ఆళ్లగడ్డ నుంచి గాజుల మలారం ఎత్తుకొని ఊళ్లకు వచ్చే ఒక సాయిబును ఇష్టపడి, అతనితో వెళ్లిపోయింది. తాత ఇంటిల్లిపాదితో తలస్నానాలు చేయించి, కూతురు చచ్చిందన్నాడు. ఇక ఆ ఇంట్లో ఆమె పేరు పలికే వీలున్న చోటు, పోయినవాళ్ల వరుస ఒక్కటే. బతికున్న కూతురిని తలుచుకోవడానికి మా అవ్వ ఆ చోటునే వాడుకుంది. అవ్వ పోయిన ఏడు, పెట్టిన బట్టల వైపు చూసి మా నాయన "ఒక చీర తక్కువుందే" అన్నాడు. అందరూ దండం పెట్టుకోవడంలో పడ్డారు. ఆయన కూడా మళ్లీ అడగలేదు.

తర్వాత నేను మా వంశవృక్షం వేశాను. దాన్నిబట్టి ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర పేర్లు చెక్కించి, ఊళ్లో రాయి నిలబెట్టాలని మావాళ్ల ఆలోచన. పసితనంలో పోయినవాళ్ల పేర్లు రాతికెక్కించకూడదని పెద్దలు ముందే అనుకున్నారు. అది తెలిసే నేను సుంకులమ్మ పేరు కింద 'చిన్నతనంలోనే పోయింది' అని రాశాను. ఆధారం లేకుండా ఎవరినీ చంపొద్దని సంఘంలో కొత్తవాళ్లకు పాఠం చెప్పేది నేనే. ఆధారం లేకుండా కాదు, విరుద్ధమైన ఆధారం పెట్టుకొని చంపాను. ఎందుకు? పెదనాయన కొడుకులు ముఖం మాడ్చుకుంటారనా? రాయి ఆగిపోతుందనా? నలుగురిలో శాలువా కప్పుతారని ఆశపడ్డానా? అన్నీ కొంచెం కొంచెం. పెద్ద కారణం ఒక్కటి దొరికినా బాగుండేది. పెద్ద తప్పుకు ఇంత చిల్లర కారణాలేమిటని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రాయి నిలబెట్టిన కొన్నాళ్లకు, ఒక ఆదివారం మీటింగుకు ఒకామె వచ్చింది. నాకంటే చిన్నది. ఆళ్లగడ్డలో గాజుల అంగడి ఉందని చెప్పింది. పేరు షమీమ్.

"అన్నా, మీరు ఎవురి వంశాన్నైనా పట్టుకుంటారంట గదా."

"దొంగల్ని పట్టుకున్నట్లు అంటావేందమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మా యమ్మ హిందువులమ్మాయి అన్నా. ఉయ్యాలవాడ దిక్కు. ఊరి పేరు మాత్రం సచ్చేదాకా చెప్పల్యా. ఆళ్లు తలదించుకుంటారు, వద్దులే అంటాండె. పుట్టింట్లో ఆయమ్మ పేరు సుంకులమ్మ."

నా చేతిలో పెన్ను ఆగింది. సుంకులమ్మలు ఆ చుట్టుపక్కల ఊరికి పదిమంది ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను.

"ఇంకేమన్నా చెప్పిందా?"

"తమ్ముడు ఉండెనంట. వాడు చిన్నప్పుడు, ఉడుకుడుకు సంగటి వాని కాలి మింద పడేసిందంట. సంగటి గెలికినప్పుడల్లా చెప్పి ఏడుస్తాండె. ఏ కాలో గూడా చెప్పె, నేనే మర్సిపోతి."

ఎడమకాలు. పాదం మీద తోలు ఎండిన నిమ్మతొక్కలాగా ఉంటుంది. ఎన్నో ఏళ్లు నేను పిసికిన మా నాయన కాలు అది. ఆ కాలు ఆ గంటలో, మా మేడకు రెండు వీధుల అవతల, మా ఇంటి వరండాలో చాపుకొని ఉంది.

"ఆ మామ ఉంటే ఒకతూరి చూసి పోతానన్నా. ఏమీ అడగను. మా యమ్మ పోయిందని చెప్పల్ల, అంతే."

వెతికి చెప్తానన్నాను. సంఘం బీరువా తెరిచాను. ఆమెకు వీపు పెట్టి, కాగితాలు తిరగేశాను. ఏం వెతికాను? ఏమీ లేదు. కాగితాల చప్పుడు చేశాను. వెనక ఆమె ఊపిరి బిగబట్టి కూర్చున్నట్లు తెలుస్తూనే ఉంది. ఎంతసేపు చప్పుడు చేస్తే నిజాయితీగా వెతికినట్లుంటుందో అంతసేపు చేసి, బీరువా మూశాను.

"దొరకలేదమ్మా. ఆ కొమ్మ ఆడికే నిలిచిపోయింది."

"పోనీలే. నువ్వు మాత్రం ఏం జేస్తావన్నా, మా యమ్మే దాచిపెట్టుకున్యా." సంచిలోంచి ఒక కవరు తీసింది. "మామోళ్ల ఇల్లు దొరికితే అత్తకు పెడదామని తెచ్చినా. మీరు పెద్దల అమావాస్యకు చీరలు పెడతారంట గదా, మా యమ్మ చెప్తాండె. మీ ఇంట్లో పెట్టినప్పుడు ఒక పక్కన దీన్ని గూడా పెట్టన్నా. సుంకులమ్మకని చెప్పు. ఎవురింట్లో పెడితే ఏంది, ఆయమ్మకు అందుతాదిలే."

తీసుకున్నాను. తీసుకోకపోతే ఎందుకని అడుగుతుంది కదా.

అన్నా, అన్నా అని పిలుస్తూ మెట్లు దిగిపోయింది. మేనత్త కూతురు. నన్ను బావా అనాలి. ఊరందరి వరసలూ దిద్దేవాణ్ణి, నా వరస తప్పుతుంటే విని, జాగ్రత్తగా పోయిరమ్మా అన్నాను.

ఇంటికి వెళ్తే నాయన అడిగాడు, "మీటింగుకు కొత్తోళ్లు ఎవురన్నా వచ్చినారా?" అని.

"ఎవరూ రాలేదు నాయనా."

మరుసటి ఎండాకాలం ఆయన పోయాడు. ఆయన్ను కడిగేటప్పుడు ఎడమకాలి మీద నీళ్లు నేనే పోశాను. అప్పటి నుంచి అమావాస్యకు నాయనకు పంచె పెడుతున్నాను. చీర మాత్రం కవరులోనే ఉంది. పెడితే ఎవరికని మా ఆవిడ అడుగుతుందని భయం. అవ్వకు ఆ భయం లేదు. అక్షరం ముక్క రాని మా అవ్వ బతికున్నదాన్ని చచ్చినవాళ్ల మధ్య దాచి కాపాడుకుంది. నేను రాసి చంపాను.

ఒకసారి చెప్పేద్దామని ఆళ్లగడ్డ బస్సెక్కాను. గాజుల అంగడి ఎదురుగా దిగాను. లోపల ఎవరికో గాజులు తొడుగుతూ నవ్వుతోంది. మామ లేడని చెప్పాలి. ఆ రోజు ఉన్నాడని కూడా చెప్పాలి. మొదటిది చెప్పగలను. రెండోది నోట్లో తిరగలేదు. టీ తాగి, వచ్చిన బస్సుకే తిరిగొచ్చాను.

అందుకే ఇది రాస్తున్నాను. సంతకం పెట్టడం లేదు. ఇతరుల పేర్లు వెతికేవాడికి తన పేరు పెట్టే ధైర్యం లేకపోవడం మీకు నవ్వు తెప్పిస్తే నవ్వండి. సంఘంలో వాళ్లు రెండో పేరాలోనే గుర్తుపడతారు. ఇది అచ్చయిన సంచిక ఒకటి ఆళ్లగడ్డకు, గాజుల అంగడికి పోతుంది. చదివి ఆమె ఏమంటుందో తెలియదు. ఏమీ అనకపోవచ్చు. అనకపోతే అడిగే హక్కు నాకు లేదు. క్షమించమని రాద్దామనుకొని కొట్టేశాను. అది కూడా ఆమె దగ్గర ఇంకోటి తీసుకోవడమే అవుతుంది. ఇప్పటికే ఒక చీర తీసుకున్నాను.

సవరణ: మా వంశవృక్షంలో సుంకులమ్మ చిన్నతనంలోనే పోయిందని వేసిన మాట అబద్ధం. ఆమె పెరిగింది, పెళ్లి చేసుకుంది, ఆళ్లగడ్డలో కాపురం చేసింది, కూతురిని కన్నది. మా నాయనకు అక్క. నాకు మేనత్త. ఆమె కూతురు షమీమ్ నాకు మరదలు.