పిన్ని రాసిచ్చిన చీటీ

ఇప్పటికీ ఎవరైనా తెలుగులో రాసిన కాగితం చేతిలో పెడితే నాకు చెమటలు పడతాయి. ఇప్పుడు చదవడం వచ్చు, రాయడమూ వచ్చు, ఇది నేనే రాస్తున్నాను. అయినా భయం పోలేదు.

పిన్ని అంటే నాకు సొంత పిన్ని కాదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు స్టోర్సు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తమ్ముడి క్వార్టర్లో ఉండేది, ఆయన గూడ్సు బండి గార్డు. ఆవిడ కథలు రాసేది. మా రైల్వే కాలనీ తెలుగువాళ్ళ గురించి, మేం మాట్లాడుకునే మాటల్లోనే రాసేది. ఖరిదా బస్తీలో కిరాణా కొట్టాయన కూడా ఆవిడ కథ పడిన పత్రిక దాచి, వచ్చినవాళ్ళకి చూపించేవాడు.

ప్రేమ్ బజార్‌లో నాది జిరాక్సు కొట్టు. ఒక మధ్యాహ్నం గొడుగు ముడుచుకుంటూ వచ్చి పదకొండు కాగితాలు చేతికిచ్చింది.

"ఏటమ్మా, నీది తెలుగేనా? సదవడం వచ్చా?"

"వచ్చండి" అన్నాను.

రాదు. నేను పుట్టింది ఖరగ్‌పూర్‌లో, చదివింది హిందీ మీడియంలో. ఇంట్లో తెలుగు, సందులో బెంగాలీ, బళ్ళో హిందీ. మూడు భాషల్లోనూ పోట్లాడగలను గానీ తెలుగు అక్షరాలు మాత్రం నాకు జంతికల్లా కనబడేవి. ఆ మాట చెప్పడానికి నామోషీ అయి వచ్చని అనేశాను. ఆవిడ ఎంత సంతోషపడిందంటే, ఇక వెనక్కి తీసుకోలేకపోయాను.

"అయితే ఓ కాపీ నువ్వుంచుకుని సదువు. బాగోపోతే బాగోలేదని సెప్పాల. ఈ ఊర్లో కుర్రోల్లకి సదవడం రాదు, ముసిలోల్లకి సూపు ఆనదు. నానెవలికోసం రాస్తన్నానో నాకే తెల్దు."

ఇంటికి తీసుకెళ్ళి నాన్నకిచ్చాను. నాన్న శ్రీకాకుళం దగ్గర పల్లెలో అయిదో తరగతి దాకా చదివి ఇక్కడికొచ్చి ఫిట్టరైనవాడు. కళ్ళజోడు సర్దుకుని, కూడబలుక్కుంటూ పైకి చదివాడు. నేను బెండకాయలు తరుగుతూ విన్నాను. మర్నాడు పిన్నితో, "ఆ కేరేజీలు మోసే ముసలమ్మ ఆఖర్ని ఏడవకపోతే బాగుండేదండీ" అన్నాను. ఆవిడ అక్కడికక్కడే పెన్ను తీసి, ఆ ఏడుపు కొట్టేసింది. అప్పటినుంచి నేను ఆవిడకి మొదటి పాఠకురాలిని, ఆవిడ నాకు పిన్ని. ఆరేళ్ళు అలా గడిచింది. నాన్న చదివేవాడు, నేను వినేదాన్ని, మర్నాడు వెళ్ళి వాదించేదాన్ని. నా అభిప్రాయాలు మాత్రం నావే. అందులో మోసం లేదని నాకు నేను చెప్పుకునేదాన్ని.

నాన్న పోయాడు. పిన్ని కథలు ఇస్తూనే ఉంది.

ఇక చూడండి నా పాట్లు. "బాగుంది పిన్నీ" తప్ప నోట్లోంచి ఇంకో మాట వచ్చేది కాదు. ఒకసారి ఫ్యాను గాలికి కాగితాలన్నీ కొట్టంతా ఎగిరాయి. ఆవిడకి పేజీలకి అంకెలు వేసే అలవాటు లేదు. ఏది ముందో ఏది వెనకో తెలియక, నాకు తోచినట్టు పేర్చి పిన్ను కొట్టి ఇచ్చాను. ఆవిడ చూసుకోకుండా పత్రికకి పంపేసింది. అది తిరిగొచ్చింది. "పత్రికోల్లకి మతి పోయినాది, నా కాగితాలు కలిపేసినారు" అని నా కొట్టు ముందే నిలబడి తిట్టిపోసింది. నేను మిషను మీద దుమ్ము తుడుస్తూ తల ఎత్తలేదు.

"ఏటే, ఈ మద్దిన అన్నీ బాగున్నాయంటన్నావు? నీ నోరేటైపోనాది?" అని కూడా అడిగింది. కొట్లో పని ఎక్కువైందన్నాను.

ఆ చలికాలం ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది, మిరియాల కషాయం తాగింది, రైల్వే డాక్టరు మందులు వాడింది. తగ్గలేదు. కలకత్తా పంపారు. క్యాన్సరన్నారు.

"మాయమ్మ అడ్డపొగ సుట్టలు కాల్సి తొంబయ్యేళ్ళు బతికింది. నాను పొగాకు ముట్టుకోనేదు. నాకేటే ఈ రోగం?" అంది. అంత ధైర్యం గల మనిషి ఆ ప్రశ్న చిన్నపిల్లలా అడిగింది. నేను మమ్మల్ని స్టేషనుకి తీసుకెళ్తున్న టోటో రిక్షావాణ్ణి తొందరగా పోనివ్వమని కసిరాను.

ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తామన్నారు. తమ్ముడికి డ్యూటీ ఉన్న రోజుల్లో నేనే ఆవిడతో హౌరా లోకల్ ఎక్కేదాన్ని. ఆపరేషన్‌కి ముందు ఆఖరిసారి వెళ్ళొస్తున్నప్పుడు, కిటికీ దగ్గర కూర్చుని, ఆ ఉన్న కాస్త గొంతుతోనే అంది:

"గొంతు పోతే పోనీయే. సెయ్యుంది గదా. నానేటి రాసినా సదవడానికి నువ్వున్నావు. నాకేటి బయం?"

ఖరగ్‌పూర్ రావడానికి ఇంకా రెండు గంటలుంది. రెండు గంటలూ నోరు తెరుద్దామనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు చెప్పాలి, ఈ స్టేషను దాటాక చెప్పాలి, ఆవిడ టీ తాగాక చెప్పాలి. చెప్పలేదు. చెబితే ఉన్న ఒక్క పాఠకురాలూ పోతుంది. ఆరేళ్ళూ అబద్ధమని తెలుస్తుంది. ఆపరేషన్ ముందు ఆ దెబ్బ ఎందుకులే అనుకున్నాను. నిజానికి నా పరువు కోసమే ఊరుకున్నాను, ఇప్పుడు దాచడమెందుకు.

ఆపరేషన్‌కి నాలుగు రోజులుంది. కొట్టు షట్టరు సగం దించి, ఫోన్లో పిల్లల పాఠాలు పెట్టుకుని అ ఆలు దిద్దాను. నాలుగు రోజుల్లో అచ్చులు, కొన్ని హల్లులు వచ్చాయి. కానీ ఫోన్లో అక్షరం వేరు, పిన్ని గొలుసుకట్టు రాత వేరు. ఆవిడ కాగితం తీసి చూస్తే ఒక్కటీ గుర్తుపట్టలేకపోయాను.

ఆపరేషనయ్యాక మెడకి గొట్టం పెట్టారు. దిండు పక్కన చిన్న పుస్తకం, పెన్సిలు. మొదటి చీటీ రాసిచ్చింది. ఆవిడ కళ్ళు ఎటు తిరిగాయో చూశాను. మంచం కింద బేసిను. తీసిచ్చాను. రెండో చీటీకి దుప్పటి కప్పాను, సరిపోయినట్టుంది. అలా ఆవిడ మొహం చదువుకుంటూ గట్టెక్కాను. ఆ వార్డులో తెలుగు తెలిసినవాళ్ళు లేరు. ఫోన్లో ఫొటో తీసి ఎవరికైనా పంపొచ్చు, కానీ ఎవరికి పంపినా నా బండారం బయటపడుతుంది. తమ్ముడికి తెలుగు చదవడం వచ్చు. ఆయన్ని అడిగితే సాయంత్రానికి పిన్నికి తెలిసిపోతుంది.

మూడో రోజు సాయంత్రం. తమ్ముడు బండి మీద ఉన్నాడు, మర్నాడు పొద్దున్న వస్తాడు. నేను అయిదున్నర లోకల్‌కి బయల్దేరాలని సంచి సర్దుకుంటున్నాను. పిన్ని నా కొంగు పట్టుకుని ఆపింది. పుస్తకం తీసుకుని నెమ్మదిగా రాసింది. రెండు లైన్లు. చింపి నా చేతిలో పెట్టి, నా మొహంలోకే చూస్తోంది. ఈసారి కళ్ళు ఎటూ తిరగలేదు.

నేను ఎడమనుంచి కుడికి కళ్ళు తిప్పాను. మళ్ళీ రెండో లైను. అంతసేపు పడుతుందని లెక్క వేసుకుని తలెత్తి, "అలాగే పిన్నీ" అన్నాను.

ఆవిడ మొహం తేలికపడింది. నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని కళ్ళు మూసుకుంది. హమ్మయ్య, సరిగ్గానే చెప్పాననుకున్నాను. నిద్రపట్టిందనిపించాక మెల్లగా చెయ్యి విడిపించుకుని, చీటీ పర్సులో పెట్టుకుని, బండి కోసం పరిగెత్తాను.

మర్నాడు తమ్ముడు ఫోన్ చేశాడు. "రాత్రి శానాసేపు గుమ్మం కేసే సూసిందంట, సిస్టర్ సెప్పింది. నాకోసమే అనుకుంతాను" అన్నాడు.

ఆ తర్వాత నేను నాలుగుసార్లు వెళ్ళాను. నా ముందు పిన్ని పెన్సిలు పట్టుకోలేదు. కోపంగా లేదు. తల నిమిరితే నిమరనిచ్చింది. ఏదైనా కావాలంటే తమ్ముడొచ్చాక ఆయనకే రాసేది. నా సంగతి తెలిసిపోయిందని వణికాను. అడిగే ధైర్యం లేదు. ఇంటికి తీసుకొచ్చిన రెండు వారాలకి, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లోనే పోయింది.

పెద్దకర్మ అయ్యాక తమ్ముడు ఆవిడ పత్రికలన్నీ అట్టపెట్టెలో పెట్టి నా కొట్టుకి తెచ్చాడు. "ఇయి సదివేది మీరొక్కరే గదా" అన్నాడు. అప్పుడు ఏడ్చాను.

ఆ పెట్టెతోనే నేర్చుకున్నాను. కేరేజీల ముసలమ్మ కథ నాకు కంఠతా వచ్చు, నాన్న చదువుతూ ఎక్కడ ఆగాడో, ఎక్కడ దగ్గాడో కూడా గుర్తే. పత్రిక ముందు పెట్టుకుని, ఒక్కో మాటా పైకి అనుకుంటూ దాని కింద వేలు పెట్టేదాన్ని. అక్షరాలు ఒకటొకటే దొరికాయి. అచ్చులో చదవడం వచ్చాక పిన్ని చేతిరాత పట్టాను. ఎనిమిది నెలలు పట్టింది. చీటీ పర్సులోనే ఉంది. చదవగలిగే రోజు వచ్చాక కూడా భయపడి మూడు వారాలు తియ్యలేదు.

ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు తీశాను. పెన్సిలు గీతలు మాసిపోయాయి గానీ చదవొచ్చు.

"ఒలే, నాకు శానా బయమేస్తంది. తమ్ముడొచ్చినాక ఎల్దువుగాని,
ఈ పూటకి ఎల్లిపోకే, నా దగ్గరే ఉండు."

నాకు చదవడం రాదని పిన్నికి ఎక్కడ తెలుస్తుందోనని ఏళ్ళ తరబడి భయపడ్డాను. తెలియలేదు. నేను ఆ రెండు లైన్లూ చదివి, అలాగే అని చెప్పి, వెళ్ళిపోయాననుకుంది.