కుడి కంటి రిజిస్టరు

ఫిబ్రవరి 11. కుడి కంట్లో మూడో ఇంజెక్షన్ అయ్యాక చూపు మీద పొగ కమ్మినట్టుంది. ఇంజెక్షన్ వల్ల శుక్లం వస్తుందా అని డాక్టరుగారిని అడిగాను. "వయసండీ" అన్నారు. రాసి ఇవ్వలేదు.

ఏప్రిల్ 22. శుక్లం మొదలైందని నిర్ధారణ. డాక్టరు మారారు, ప్రశ్న అదే. "రావచ్చు, రాకపోవచ్చు." రాసి ఇవ్వలేదు.

జూన్ 17. ప్రశ్నను నేనే కాగితం మీద పెట్టాను. కౌంటరులో ముద్ర వేసి నా చేతికే తిరిగి ఇచ్చారు. జవాబు లేదు.

ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు షిఫ్టు రిజిస్టరు రాసినవాణ్ణి. మరమ్మతుకు వచ్చిన ప్రతి యంత్రానికీ మేము ఒక పేజీ తెరిచేవాళ్లం. అందులో "కారణం" గడి ఖాళీగా ఉంటే తరువాతి షిఫ్టు ఇన్‌చార్జి సంతకం పెట్టడు. నడుస్తున్న యంత్రానికి పేజీ ఉండదు. కంటి వెనక పొరలో, చూపుకు నడిబొడ్డయిన మాక్యులా దగ్గర రక్తనాళాలు కారుతున్నాయని చెప్పి ఇంజెక్షన్లు మొదలుపెట్టిన రోజున, ఆ అలవాటు కొద్దీ కుడి కంటికి ఒక రిజిస్టరు తెరిచాను. రోజూ ఉదయం ఎడమ కన్ను అరచేత్తో మూసి, గోడ మీది క్యాలెండరులో ఏ గీత వంగిందో చూసి రాసేవాణ్ణి.

శుక్లం కారణం ఎవరూ చెప్పలేదు. ఆ గడి నేనే నింపాను: "ఇంజెక్షన్". కారణం తేలాక దాన్ని ఆపాలి, మిల్లులో పద్ధతి అదే. జులై, ఆగస్టు ఇంజెక్షన్లకు వెళ్లలేదు. నా భార్య నిలదీస్తే ఆ పేజీ చూపించి నోరు మూయించాను.

సెప్టెంబరులో ఒక ఉదయం క్యాలెండరు మధ్యలో తేదీలు లేవు. గాజువాకలో షేర్ ఆటో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. లోపల రక్తం కారి మచ్చ కట్టిందట. శుక్లం తీసినా మధ్య చూపు తిరిగి రాదట.

వరండాలో, ఇంజెక్షన్ల రోజుల్లో పరిచయమైన జాలరి పెద్దాయన నన్ను పట్టుకున్నాడు.

"ఏటి బావా, రెండు నెల్లు కనపడ్నేదు? సూదికి బయపడిపోనావా?"

జరిగింది చెప్పాను.

"నాకూ శుక్లం వొచ్చీసింది. సూది పడిన కంట్లోనూ వొచ్చింది, పడని కంట్లోనూ వొచ్చింది. మరి పడని కంటికి ఎవులు పొడిసినారు బావా?" అని నవ్వాడు. "నీ ఎడం కంటికేటి రాసినావు?"

"రాయలేదు. దానికి పేజీ లేదు."

"ఓలమ్మ! రెండు కళ్లోడివి, ఒక కంటికే పుస్తకమేటి?"

ఆ పూటే ఎడమ కన్ను పరీక్ష చేయించుకున్నాను. ఒక్క ఇంజెక్షనూ పడని ఆ కంట్లో కూడా శుక్లం ఉంది, దాదాపు కుడి కంట్లో ఉన్నంత. ఇన్ని నెలలూ నేను అరచేత్తో మూసింది దాన్నే.

తప్పు నాది. నా దస్తూరీలోనే ఉంది, కొట్టివేయలేదు. కానీ, "శుక్లం సంగతి ఎలా ఉన్నా మాక్యులా మందు ఆపకూడదు" అని జూన్ 17 నాటి కాగితం మీద ఒక్క వాక్యం రాసి ఉంటే, నేను దాన్ని అక్షరం పొల్లు పోకుండా పాటించేవాణ్ణి.

కావున ఆసుపత్రి సూపరింటెండెంటుగారిని కోరునది: ఈ ఇంజెక్షన్లు శుక్లాన్ని తెస్తాయా, తేవా, లేక మీకే తెలియదా? ఏదైనా సరే, సంతకంతో రాసి ఇవ్వండి. ఎడమ కంటి మాక్యులాలోనూ మార్పు మొదలైందని నిన్న మీవారే చెప్పారు. జవాబు నేను స్వయంగా చదువుకోగలిగి ఉండగానే అందాలి.