దీపం పట్టుకున్న మంత్రగాడు

ఈ రోజు మధ్యాహ్నం ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి కామారెడ్డి వెళ్లాను. అక్కడ నా దోస్తు సలీంకు కంప్యూటర్ సెంటర్ ఉంది. హైదరాబాద్‌లో ఎవరో వాడుకుని అమ్మేసిన కంప్యూటర్ ఒకటి తెచ్చాడు. అందులో పాత యజమాని సగంలో వదిలేసిన మంత్రగాడి ఆట కనిపించింది.

తెర మీద మంత్రగాడు ఒక గుహ ముందు నిలబడి ఉన్నాడు. సంచిలో నిప్పులు కురిపించే దండం, దెబ్బ తగలనివ్వని అంగీ ఉన్నా, చేతిలో మాత్రం చిన్న దీపం పట్టుకున్నాడు.

"దీపంతోని లడాయి ఏంది ర? గా దండం ఇయ్యి," అన్నాడు సలీం.

దండం ఇచ్చి, అంగీ తొడిగి లోపలికి పంపాను. చీకట్లో వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. ఎటు తిరిగినా ఎవరూ లేరు. కాసేపటికే మంత్రగాడు కూలిపోయాడు. మళ్లీ ఆడినా అంతే.

చివరికి దీపమే ఇచ్చి పంపాం. ఈసారి ఆ అడుగులు ఎవరివో కనిపించింది. వెలుగు అంచున అచ్చం మా మంత్రగాడిలాంటి మనిషే, అదే అంగీలో నిలబడి ఉన్నాడు. ముఖం మాత్రం లేదు. దగ్గరికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

"ఇగ బంద్ చేద్దామా?" అని అడిగాను.

"వద్దు ర," అన్నాడు సలీం మెల్లగా. "దీపం ఆరిపోతది."

నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. కంప్యూటర్‌ను ఆపకుండా అలాగే వదిలేసి, షట్టర్ దించి వచ్చేశాం.

ఇది రాస్తుండగానే ఇక్కడ ఎల్లారెడ్డిలో కరెంటు పోయింది. మీరెవరైనా కామారెడ్డిలో ఉంటే, అక్కడ ఉందో లేదో కాస్త చెప్పండి.